బాకూరి ఆవులు

ఈశ్వరప్ప ముప్పై రెండేండ్లు బస్సు కండక్టరుగా పనిచేసినాడు. ఊరు పుంగనూరు. సర్వీసులో సగానికి పైగా మదనపల్లె–కుప్పం బస్సులోనే గడిచింది. నేను వి.కోట హైస్కూల్లో లెక్కల అయ్యవారుగా ఉన్న పద్నాలుగేండ్లూ పుంగనూరులో ఆ బస్సే ఎక్కేవాణ్ణి. అట్లా మాకు స్నేహం. మనిషి పొట్టి, మాట తక్కువ. బస్సు రెండు నిమిషాలు ఆలస్యమైతే తానేదో తప్పు చేసినట్టు మొహం పెట్టేవాడు. పలమనేరులో ఐదు నిమిషాల హాల్టంటే ఐదు నిమిషాలే. డ్రైవరు చేతిలో టీ గ్లాసు ఉన్నా సరే, విజిల్ వేసేసేవాడు.

భార్య పేరు రామాంజినమ్మ. గంగవరం దగ్గర పల్లె నుంచి వచ్చింది. వాళ్ళకు పిల్లలు కలగలేదు. ఇంటి వెనక కొట్టంలో ఆమె ఆవులు మేపేది. రెండు జెర్సీలు, ఒక పొట్టి నాటావు. పొద్దున లేస్తే పేడ, పాలు, గడ్డి. మధ్యాహ్నం మళ్ళీ కుడితి, మళ్ళీ గడ్డి. ఈశ్వరప్ప డ్యూటీ దిగి వచ్చేసరికి ఆమె ఇంకా కొట్టంలోనే ఉండేది. పుట్టింటికి పోవాలన్నా, కుప్పంలో చుట్టాల పెండ్లికి పోవాలన్నా మొగుడి బస్సే ఎక్కేది. కానీ ఆయన పక్కన కూర్చునింది ఎప్పుడూ లేదు. ఆమె ముందర ఆడవాళ్ళ సీట్లో, ఆయన వెనకాల జనం మధ్య టికెట్లు కొట్టుకుంటా.

"ఊర్లో జనాన్నంతా ఊర్లు తిప్పినావు. నన్ను యాడికన్నా తీస్కపోతివా?" అని ఒకసారి నా ముందరే అడిగింది. కోపంగా కాదు, నవ్వుతానే. ఈశ్వరప్ప తల వంచుకున్నాడు.

2021 డిసెంబరులో రిటైరైనాడు. తర్వాత ఆర్నెల్లు ఏం చేయాలో తెలియక తిరిగినాడు. ఆయనకు స్మార్టు ఫోను అప్పటికి కొత్త. ఒకరోజు సాయంత్రం ఇంటిముందు అరుగు మీద కూర్చుని బస్సుల వీడియోలు చూస్తా ఉంటే ఒకటి వచ్చింది. స్విట్జర్లాండులో ఒక చిన్న ఊరు. చుట్టూ మంచు కొండలు. రైలు వచ్చి ఆగింది. ఎదురుగా పసుపు రంగు బస్సొకటి కాచుకోనుంది. రైలు దిగినోళ్ళంతా బస్సులో కూర్చున్న నిమిషానికి అది కదిలింది. ఈశ్వరప్ప ఆ ముక్కను పదిసార్లు చూసినాడు. రైలు కోసం బస్సు కాచుకోవడం, జనం పరుగెత్తకపోవడం ఆయనకు నమ్మబుద్ధి కాలేదు.

"ఏమే, ఇట్లా రా. ఈ బస్సు సూడు."

రామాంజినమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటా వచ్చింది. బస్సు ఆమెకు పట్టలేదు. బస్సు వెనకాల రోడ్డు మీద దిగి వస్తా ఉన్న ఆవుల్ని చూసింది. తలల మీద పూల కిరీటాలు, మెడల్లో బిందెలంత గంటలు. ముందర నల్ల చొక్కాల మొగోళ్ళు కర్రలు పట్టుకుని నడస్తా ఉన్నారు. రోడ్డుకు రెండు పక్కలా జనం నిలబడి చప్పట్లు కొడతా ఉన్నారు.

"ఆవులకా సప్పట్లు?" అనింది.

వేసవంతా కొండ మీద మేసిన ఆవులు చలి మొదలయ్యే ముందు కిందికి దిగే రోజంట అది. సెప్టెంబరు ఆఖరి శనివారం. రామాంజినమ్మ ఆ వీడియోను ఫోను చేతిలోకి తీసుకుని మళ్ళీ చూసింది. పొదుగులు చూసింది, కాళ్ళు చూసింది. చివరికి అనింది, "ఇది మాత్రం ఒకసారి కండ్లతో సూడాల."

ఆమె నోటినుంచి ఏదైనా కావాలన్న మాట రావడం ఈశ్వరప్పకు గుర్తున్నంతవరకు అదే మొదలు.

ఆ ఊరి పేరు హిర్టెన్‌బాఖ్. ఆమెకు నోరు తిరగలేదు. బాకూరు అనేసింది. తర్వాత మేమంతా బాకూరనే అన్నాము.

ఈశ్వరప్ప ప్రయాణాన్ని డ్యూటీ చార్టు రాసినట్టు రాసినాడు. తెల్ల కాగితం మీద గీతలు కొట్టి, బయలుదేరేది, చేరేది, హాల్టు. పుంగనూరు నుంచి బెంగళూరు, ఆడి నుంచి ఎడారి దేశంలో విమానం మారి జూరిక్. అక్కడ రెండు రైళ్ళు, ఆఖర్న ఆ పసుపు బస్సు. బాకూరులో ఆరు రాత్రులు. పుంగనూరు బస్టాండు ఎదురుగా ఆన్‌లైన్ సెంటరు నడిపే తేజస్విని అనే అమ్మాయి ఆయనకు వెబ్‌సైట్లు తీసి చూపించేది. పాతికేండ్ల పిల్ల, ఓపిక ఎక్కువ. ఆ ఊర్లో ఒక ముసలామె తన ఇంట్లో పైగది అద్దెకిస్తుందని ఆ పిల్లే వెదికింది. ఈశ్వరప్ప తెలుగులో చెప్తే తేజస్విని ఇంగ్లీషులో మెయిల్ రాసేది. అక్కడి నుంచి రెండు రోజుల్లో జవాబొచ్చేది.

"వీధి పక్క గది కావాలా, తోట పక్క గది కావాలా అని అడగతాండాది, పెద్నాయనా. వీధి పక్కైతే పొద్దున్నే గంటల మోతంట, నిద్ర పట్టదంట."

"వీధి పక్కే అని రాయమ్మా. నిద్రపోయేదానికా పోతాండాము?"

రామాంజినమ్మకు ఒకటే దిగులు. ఆడ పొయ్యి ఉంటుందా లేదా? రాగిపిండి తీసుకుపోతే సంగటి చేసుకోవచ్చా? అదీ రాయించినారు. పొయ్యి ఉంది, వాడుకోవచ్చు, ఆ వంట నాకూ రుచి చూపించండి అని ముసలామె రాసింది. ఆ మాట విని రామాంజినమ్మ వారం రోజులు ఇరుగుపొరుగు అందరికీ చెప్పుకునింది.

చార్టులో ఒక చోట రైలు మారడానికి ఏడు నిమిషాలే ఉంది. ఈశ్వరప్పకు అక్కడ అనుమానం. భార్యను మదనపల్లె బస్టాండుకు తీసుకుపోయి, చేతికి ఒక పెట్టె ఇచ్చి, ఈ చివర ప్లాట్‌ఫారం నుంచి ఆ చివరకు నడిపించినాడు. వాచీ పట్టుకుని వెనకాల ఆయన. మధ్యలో మెట్లున్నట్టు లెక్కకోసం పక్కన షాపుల మెట్లు కూడా ఎక్కించి దించినాడు. ఆమెకు తొమ్మిది నిమిషాలు పట్టింది. ఆఖర్న సిమెంటు బెంచీ మీద కూలబడి, నోరు తెరిచి ఊపిరి తీసుకుంటా, "నీ రైలు పోయె కదయ్యా," అని నవ్వింది.

ఈశ్వరప్ప చార్టులో ఆ రైలు కొట్టేసి తర్వాత వచ్చే రైలు రాసుకున్నాడు. తన భార్యకు యాభై ఎనిమిదేండ్లకే ఆ కాస్త నడకకు ఊపిరెందుకు అందలేదని ఆలోచించలేదు. ఈ సంగతి ఆయనే నాకు చెప్పినాడు, చాలా రోజుల తర్వాత. చెప్పి, లేచిపోయినాడు.

పాస్‌పోర్టు దగ్గర మొదలైంది ఇబ్బంది. ఈశ్వరప్పకు సులభంగానే వచ్చింది. రామాంజినమ్మకు ఆధార్‌లో రామాంజులమ్మ, ఓటు కార్డులో రామాంజనమ్మ, బ్యాంకు పుస్తకంలో రామాంజినమ్మ. బడికి పోలేదు కాబట్టి పుట్టిన తేదీకి కాగితం లేదు. ఆధార్‌లో ఎవరో జనవరి ఒకటి అని వేసినారు. గంగవరం ఆఫీసుకు, పుంగనూరు ఆఫీసుకు, తిరుపతికి తిరిగినారు. ఒక చోట సరిచేస్తే ఇంకో చోట తప్పయ్యేది. ఆమె వేలిముద్రలు మిషన్ మీద పడేవి కావు. పాలు పిండి, కొడవలి పట్టి గీతలన్నీ అరిగిపోయినాయి. చేతులకు నూనె రాసి, తుడిచి, మళ్ళీ పెట్టించేవాళ్ళు. ఈ తిరుగుడులోనే 2023 సెప్టెంబరు దాటిపోయింది. పాస్‌పోర్టు నవంబరులో వచ్చింది.

"వచ్చే యేడు," అన్నాడు ఈశ్వరప్ప. బాకూరు ముసలామె కూడా అదే రాసింది. వీధి పక్క గది మీకోసం రాసిపెడతానని.

2024 జులైలో వీసాకని బెంగళూరు పోయినారు, ఆ బస్సులో కూడా ఆమె ముందర, ఆయన వెనకాల. తేజస్విని కాగితాలన్నీ వరసగా ఫైలులో పెట్టిచ్చింది. గది మాటాడుకున్న మెయిలు, విమానం వివరాలు, బ్యాంకు కాగితాలు, ఆరు రోజుల చార్టు. ఆ చార్టులో ఏ రోజు ఏ బస్సు ఎక్కేదీ నిమిషాలతో సహా ఉంది. మేడమీద ఆఫీసు. లిఫ్టు దగ్గర జనం ఎక్కువగా ఉంటే, టైమైపోతుందని ఈశ్వరప్ప మెట్లెక్కుదామన్నాడు. రెండో అంతస్తులో ఆమె గోడకు ఆనుకుని నిలబడిపోయింది. బరువు పెరిగిందిలే అనుకున్నాడు.

కౌంటరులో ఉన్న ఆమెకు కొంచెం తెలుగు వచ్చు. ఫైలు తిప్పుతా అడిగింది, "ఈ చిన్న ఊరికి ఎందుకమ్మా? అందరూ పెద్ద ఊర్లకు పోతారే."

"ఆవుల్ని సూసేదానికి," అనింది రామాంజినమ్మ.

"మీ ఊర్లో ఆవులు లేవా?"

"మా ఇంట్లోనే మూడుండాయమ్మా."

కౌంటరామె నవ్వలేదు. ఏమీ రాసుకోలేదు కూడా. వేలిముద్రలు తీసుకుని పంపించేసింది.

మూడు వారాలకు పాస్‌పోర్టులు కొరియర్లో తిరిగొచ్చినాయి. లోపల ఒక కాగితం. ఈశ్వరప్ప, రామాంజినమ్మ ఇద్దరూ ఆన్‌లైన్ సెంటరుకు పోయి కూర్చున్నారు. తేజస్విని కాగితాన్ని చదివి, మళ్ళీ చదివింది.

"ఇయ్యలేదు, పెద్నాయనా."

"యాల?"

"రెండు కారణాలకు గుర్తు పెట్టినారు. మీరు పోయే పని నమ్మేలా లేదంట. ఇంకోటి..." ఆ పిల్ల కాగితాన్ని ఆయన ముందరికి జరిపింది. "మీరు పోతే తిరిగి వస్తారని నమ్మకం లేదంట. ఉద్యోగం లేదు, పిల్లలు లేరు కదా. ఆడే ఉండిపోతారేమోనని అనుమానం."

రామాంజినమ్మ పకపకా నవ్వింది. "తిరిగి రాకుండా? అయితే నా ఆవుల్ని యెవురు పిండుతారంట?" అనింది. నవ్వు దగ్గుగా మారింది. దగ్గు చాలాసేపు ఆగలేదు. తేజస్విని లేచి నీళ్ళు తెచ్చింది. ఈశ్వరప్ప మాత్రం ఆ కాగితంలో గుర్తులు పెట్టిన రెండు గళ్ళనే చూస్తా కూర్చున్నాడు. ముప్పై రెండేండ్లలో ఒక్కరోజు కూడా బస్సును దారిలో విడిచి రాని మనిషి. తిరిగి రాడని ఎవరో రాసినారు.

వచ్చే యేడు మళ్ళీ అడుగుదామని తేజస్విని చెప్పింది. ఆవులున్నట్టు పశువుల డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తెస్తే పనికొస్తుందేమో అనింది. ఈశ్వరప్ప నిజంగానే పోయి తెచ్చుకున్నాడు.

కానీ ఆ దగ్గు పోలేదు. కార్తీకంలో జ్వరం వచ్చి తగ్గింది, దగ్గు అట్లే ఉంది. పుంగనూరులో మందులు మింగించి చూసి, కడకు కుప్పంలో పెద్దాసుపత్రికి తీసుకుపోయినాడు. స్కానింగు తీసినారు. డాక్టరమ్మ సినిమా రీలు లాంటిది వెలుతురుకు పెట్టి చూపించింది. ఊపిరితిత్తులు కింద నుంచి గట్టిపడిపోతా ఉన్నాయంట. బూజు పట్టిన గడ్డి దుమ్ము, పొగ ఏండ్ల తరబడి పీల్చినందుకంట. మందులతో అది ముదిరేది నెమ్మది చేయొచ్చు, వెనక్కు మాత్రం తిప్పలేమని చెప్పింది. కొట్టంలోకి అడుగు పెట్టొద్దు. చలి పనికిరాదు. ఎత్తు ప్రదేశాలకు అసలు తీసుకుపోవద్దు.

"ఎంత ఎత్తు వరకు పోవచ్చమ్మా?" అని అడిగినాడు ఈశ్వరప్ప.

"ఎందుకు?"

"ఒక ఊరుండాది. నాలుగు వేల అడుగులే."

డాక్టరమ్మ ఆ రీలు పక్కన పెట్టింది. "మన హార్స్‌లీ కొండంత ఎత్తు. ఆమెను హార్స్‌లీ కొండక్కూడా తీసుకుపోవద్దప్పా," అనింది.

తిరిగొచ్చేటప్పుడు కుప్పం బస్సులో రామాంజినమ్మకు ముందర సీటు దొరికింది. ఆయన వెనకాల కమ్మీ పట్టుకుని నిలబడినాడు.

జెర్సీలను రెండింటినీ ఆ నెలలోనే అమ్మేసినారు. పొట్టి ఆవును మాత్రం ఆమె వదల్లేదు. దాన్ని ఈశ్వరప్పే మేపేవాడు. పాలు పిండడం ఆయనకు చాతకాలేదు. గుమ్మంలో కుర్చీ వేసుకుని, మూతికి కొంగు అడ్డం పెట్టుకుని ఆమె చెప్తా ఉంటే, ఆయన పొదుగు దగ్గర చెమటలు కక్కేవాడు. ఆవు తన్నేది.

హార్స్‌లీ కొండ మాట ఎత్తింది రామాంజినమ్మే. ఫిబ్రవరిలో ఒకరోజు ఊపిరి కొంచెం తేలికగా ఉన్నప్పుడు. "ఒకసారి పోయి సూద్దామయ్యా. ఆ ఎత్తు నేను తట్టుకుంటే డాక్టరమ్మకు సెప్పొచ్చు. ఆయమ్మ కాయితం రాసిస్తుంది. బాకూరు పోవచ్చు."

ఈశ్వరప్పకు వద్దని తెలుసు. అయినా సరేనన్నాడు. నాతో చెప్పినాడు, "సార్, కాదని యెట్లా సెప్పేది? ఆయమ్మ అడిగినవి రెండే."

మదనపల్లెలో కొండ బస్సు ఎక్కినారు. పనిదినం, జనం లేరు. ఇద్దరు పట్టే సీట్లో ఆమె కిటికీ పక్కన, ఆయన ఇవతల. పెండ్లైన ముప్పై ఏడేండ్లకు బస్సులో ఆమె పక్కన కూర్చున్నాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదంట ఆయనకు. కండక్టరు "టికెట్, టికెట్" అంటే సగం లేచి మళ్ళీ కూర్చున్నాడంట. ఆమె చూసి నవ్వింది. కొత్త స్వెట్టరు వేసుకోనుంది, బాకూరుకని ముందే కొన్నది.

కొండ మలుపులు మొదలైనాక ఆమె మాట తగ్గింది. నాలుగో మలుపు దగ్గర ముందు సీటు కమ్మీని రెండు చేతుల్తో పట్టుకునింది. పెదాలు నేరేడు పండు రంగుకు తిరిగినాయి. ఏదో చెప్పబోయింది, గొంతు రాలేదు. ఈశ్వరప్ప లేచి బస్సంతా అదిరేటట్టు "హోల్డాన్!" అని అరిచినాడు. డ్రైవరు బ్రేకు తొక్కినాడు.

రోడ్డు పక్క పిట్టగోడ మీద ఆమెను కూర్చోబెట్టినాడు. బస్సు కాసేపు కాచుకుని, పోలేక పోలేక పోయింది. కింద చేలు, దూరంగా మదనపల్లె పోయే రోడ్డు కనిపిస్తా ఉన్నాయి. చాలాసేపటికి ఆమెకు మాటొచ్చింది.

"ఇంకెంత ఉండాది పైకి?"

"సగం పైనే."

"అంటే సగానికి కూడా రాలేదు నేను."

ఆయన కిందికి దిగే జీపొకటి ఆపి, ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని వచ్చేసినాడు. ఇంటికొచ్చినాక ఆమె స్వెట్టరు విప్పి మడిచి, "దీన్ని యెవురికైనా ఇచ్చేయ్, బాగుండాది," అనింది. బాకూరు మాట మళ్ళీ ఎత్తలేదు. ఆయన ఎత్తినా, "ఇంకా ఆ మాటెందుకయ్యా" అనేది.

వేసవిలో ఆక్సిజన్ మిషన్ వచ్చింది. కరెంటు పోతే సిలిండరు. ముక్కుకు గొట్టంతో ఆమె మంచం మీద, ఆ మిషన్ గుర్రుమని ఇంట్లో ఎప్పుడూ మోగతా ఉండేది. నేను పోతే కండ్లతోనే పలకరించేది. పొట్టి ఆవును ఏప్రిల్లో వాల్మీకిపురం వాళ్ళకు అమ్మినారు. దాన్ని ఆటోలో ఎక్కిస్తా ఉంటే ఆమె కిటికీ వైపు తిరగలేదు. "తోలేసినారా?" అని మాత్రం అడిగింది. జులైలో, ఒక మధ్యాహ్నం, అన్నం కలిపి తెచ్చేలోపు పోయింది.

సెప్టెంబరు మొదట్లో తేజస్విని నాకు ఫోన్ చేసింది. బాకూరు ముసలామె మెయిల్ రాసిందంట. ఈ యేడన్నా వస్తున్నారా, వీధి పక్క గది ఖాళీగానే ఉంది అని. పెద్నాయనకు చెప్పడానికి తనకు ధైర్యం చాల్లేదని, నన్ను తోడు రమ్మనింది. ఇద్దరం పోయినాము. ఈశ్వరప్ప విన్నాడు.

"ఏమని రాయమంటావు, పెద్నాయనా?"

"ఆయమ్మ సచ్చిపోయిందని రాయి."

"ఇంకేమన్నా?"

"ఇంకేముండాది? గదిని ఇంకెవురికన్నా ఇచ్చుకోమను."

తేజస్విని పోయినాక నేను ఉండబట్టలేక అన్నాను, "పాస్‌పోర్టు ఇంకా ఎనిమిదేండ్లుంది కదా ఈశ్వరప్పా. ఒక్కడివే పోయి చూసి రాకూడదా? ఆమె తరఫున."

ఆయన కోపగించుకోలేదు. "ఆవుల్ని సూడాలనింది ఆయమ్మ సార్, నేను కాదు. నేను సూసి యెవురికి సెప్పేది?" అన్నాడు. మళ్ళీ, "అయినా ఇప్పుడు ఇయ్యరు. అప్పుడు వాళ్ళు రాసింది తప్పు. ఇప్పుడు రాస్తే నిజమే. తిరిగొచ్చేదానికి నాకు ఈడ ఏముండాది?" అన్నాడు.

 నేను చేతిలో టీ ఆరిపోయేదాకా కూర్చుని లేచి వచ్చేసినాను.

ఇప్పుడు ఆ కొట్టాన్ని ఒక టమాటా వ్యాపారికి అద్దెకిచ్చినాడు. ఆవులు కట్టేసిన చోట ప్లాస్టిక్ ట్రేలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. పొద్దున ఆరుకే టెంపో వచ్చి ఎత్తుకుపోతుంది, సాయంత్రం దించిపోతుంది. ఈశ్వరప్ప ముందు గదిలో ఒక్కడే ఉంటాడు. వంట ఒక పూటే. నేను వారానికొకసారి పోతాను. అడిగితే మాట్లాడతాడు, అడగకపోతే లేదు. పోయినసారి నేను పోయినప్పుడు పగలే తలుపేసుకుని పడుకోనున్నాడు. పిలిచినాను. లోపల్నుంచి "యెవురు?" అన్నాడు. నేనే అన్నాను. "రేపు రా సార్," అన్నాడు. మరుసటి రోజు పోతే, అదే మాట చెప్పినాడు.